దొరసాని ఇంటి తాళంచెవి

సంజీవమ్మ మంచిదా చెడ్డదా అని పావగడ బజారులో ఎవరినన్నా అడిగి చూడండి. "మంచిదేప్పా, కానీ మరిచిపోదు" అంటారు. ఆ "కానీ" తరువాతి మాటే ఆమె బతుకంతా. మా తాలూకాలో రావడం మరిచిపోయిన వానలున్నాయి, ఓట్లు పడ్డాక ఊరి దారి మరిచిపోయిన పెద్దమనుషులున్నారు. సంజీవమ్మ మాత్రం ఒక్క దినాన్ని ఐదేండ్లు కడుపులో పెట్టుకుని సాకింది. అన్నం మానలేదు, పని మానలేదు, నలుగురిలో నవ్వడం కూడా మానలేదు. ఆ దినాన్ని మాత్రం వదల్లేదు.

ఆమె సొంతూరు అరసికెరె. మొగుడు రంగప్పకు మూడెకరాల మెట్ట ఉండేది. వేసిన వేరుశనగకు విత్తనం కూడా తిరిగిరాని కరువు రెండేండ్లు వరసగా వచ్చేసరికి, ఆ చేనును అన్న దొడ్డన్నకు అప్పగించి పెండ్లాన్ని తీసుకుని పావగడకు వచ్చాడు. అశ్వత్థనారాయణ శెట్టి వేరుశనగ మండీలో హమాలీగా కుదిరాడు. సంజీవమ్మ అదే మండీలో కాయలు ఒలిచే ఆడవాళ్ళతో కూర్చుంది. మండీ వెనక సందులో శెట్టిగారి పాత ఇల్లు ఉండేది. రెండు గదులు, ముందర ఒక అరుగు, చేతికి బరువుగా తగిలే టేకు తలుపు. వేరుశనగ బాగా పండిన రోజుల్లో శెట్టి కుటుంబం మండీ మీద మిద్దె కట్టుకుని పైకి పోయింది. పాత ఇంటిని అద్దెకిచ్చారు. అందులో సంజీవమ్మ, రంగప్ప ఆరేండ్లు కాపురం చేశారు. పిల్లలు లేరు. ఆ తలుపు వేసుకుంటే లోకంతో పని లేదన్నట్టుండేది వాళ్ళ కాపురం.

ఎనభయ్యారు ఏప్రిల్‌లో ఒక పొద్దున రంగప్ప లారీకి మూట ఎత్తుతూ, ఎక్కే చెక్కపలక మీదే కూలబడ్డాడు. ఆసుపత్రికి మోసుకుపోయారు. పది గంటలకల్లా మనిషి లేడు.

మండీ తోపుడుబండి మీదే అతన్ని సందులోకి తెచ్చారు. తోటి హమాలీ దాసన్న ముందర లాగాడు, సంజీవమ్మ వెనక నడిచింది. ఇంటి ముందుకు వచ్చి చూస్తే తలుపుకు రెండు తాళాలున్నాయి. ఒకటి ఆమె పొద్దున వేసి పోయింది. దాని మీద ఇంకొకటి, పెద్దది, ఇత్తడిది. పక్కనే అశ్వత్థనారాయణ చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు.

"తప్పు పట్టుకోవద్దు సంజీవమ్మా," అన్నాడు. "అద్దె ఇంట్లోకి శవం తేకూడదు. అది పద్ధతి. రేపు ఈ ఇంటికి ఎవరొస్తారు చెప్పు?"

"ఆరేండ్లున్న ఇల్లు సావుకారూ. స్నానం చేపించే నీళ్ళు కూడా లోపలే ఉండాయి."

"నీళ్ళకేముందమ్మా, ఎవురో ఒకరు ఇస్తారు."

పద్ధతి అంట. పద్ధతులన్నీ ఉన్నోడి గడప లోపలే పుడతాయి, లేనోడి గడప బయట అమలవుతాయి. తన మండీ మూటలు మోసీ మోసీ గుండె ఆగిన మనిషిని ఎదురింటి గోడ పక్కన చాప వేసి పడుకోబెట్టించాడు. అరసికెరె నుంచి దొడ్డన్న రావాలి. పదకొండు నుంచి మూడున్నర దాకా రంగప్ప వీధిలో ఉన్నాడు. ఏప్రిల్ ఎండ. గోడ నీడ పన్నెండుకే తప్పుకుంది. ఇరుగుపొరుగు నాలుగు బిందెల నీళ్ళు తెచ్చారు. సంజీవమ్మ కొంగు మొగుడి ముఖం మీద పట్టుకుని, ఎదురుగా ఆ ఇత్తడి తాళాన్నే చూస్తూ కూర్చుంది.

ఒంటిగంటప్పుడు మండీ వైపు నుంచి శెట్టి తల్లి కన్యకమ్మ వచ్చింది. డెబ్బయ్ ఐదేండ్ల మనిషి, నడుము వంగిపోయింది. చేతిలో ఒక నల్ల గొడుగు. ఒక కమ్మీ విరిగి ఒకవైపు వాలిపోయి ఉంది. కొడుకు "అమ్మా, నువ్వెందుకొచ్చినావు ఈడికి" అంటున్నా వినకుండా, గొడుగు విప్పి సంజీవమ్మ చేతికిచ్చింది.

"మొగానికి ఎండ తగలనియ్యొద్దమ్మీ," అంది. అంతే, వెనక్కి తిరిగి పోయింది.

సంజీవమ్మ ఆ గొడుగు పట్టుకునే మూడున్నర దాకా కూర్చుంది. ఏడవలేదు. ఏడుపు వచ్చేచోట ఇంకేదో వచ్చి కూర్చుంది. ఈ తలుపు తీసేదీ ముయ్యేదీ ఒక్క దినమన్నా తన చేతిలో ఉండాలని, ఆ దినం ఈ మనిషి ఈ గడప ముందర చేతులు కట్టుకుని నిలబడాలని ఆమె అక్కడే అనుకుంది. అనుకోవడమే కాదు, శవం పక్కన కూర్చుని ఒట్టు పెట్టుకుంది.

పన్నెండో దినం ఇల్లు ఖాళీ చేయించారు. గొడుగు తిరిగివ్వడానికి పోతే కన్యకమ్మ తీసుకోలేదు. "శవానికి పట్టింది ఇంట్లోకి రాకూడదంట. నీ దగ్గిరే ఉంచుకో," అంది. పాపం, ఆమెకూ ఆ ఇంట్లో పద్ధతులే ఉన్నాయి. సంజీవమ్మ మిల్లు పక్కన ఒక కొట్టంలో చేరి, గొడుగును వాసానికి వేలాడదీసుకుంది. శనివారం శనివారం శనిమహాత్ముడి గుడికి పోయి నువ్వుల నూనె దీపం పెట్టేది. తమ మీద పట్టిన శని వదలాలని ఊళ్ళ నుంచి బస్సులు కట్టుకుని వస్తారు జనం. ఈమె కోరిక అది కాదు. ఏమి అడిగినావు సంజీవమ్మా అంటే, "తాళంచెవి అడిగినా" అనేది. వినేవాళ్ళకు అర్థమయ్యేది కాదు.

ఎనభైతొమ్మిదిలో హెల్గా అనే దొరసాని పావగడకు వచ్చింది. యూరప్‌లో ఏదో చలిదేశం ఆమెది. మా బోరు నీళ్ళు తాగేవాళ్ళకు నోట్లో పండ్లు పచ్చబడేదీ, ఎముకలు వంగేదీ ఎందుకో తెలుసుకుని రాసుకునే పని. బెంగళూరులో ఆరునెలలు కన్నడ నేర్చుకుని వచ్చింది, తప్పో ఒప్పో ధైర్యంగా మాట్లాడేది. నలభై ఏండ్లుంటాయి. మొగుడు లేడు, పిల్లలు లేరు, ఒక సైకిలు ఉంది.

ఆమెకు అద్దె ఇల్లు దొరకడం ఒక పెద్ద తిరునాల అయింది. పరాయి దేశంలో ఇల్లు వెతుక్కోవడమంటే ఏమిటో పావగడ ఆమెకు బాగా నేర్పింది. ఒకాయన "మాంసం తింటావా" అన్నాడు. ఒకామె "పెండ్లి ఎందుకు కాలేదు" అంది. ఒకరు "మీ కులమేంది" అని అడిగి, ఆమె తడుముకుంటుంటే, కులం లేనిదానికి ఇవ్వలేం అన్నారు. ఒక మేస్టరు అంతా ఒప్పుకుని, అడ్వాన్సు ఇచ్చే పొద్దుకు భార్య ఒప్పుకోలేదని తలుపు వేసుకున్నాడు. చివరికి అశ్వత్థనారాయణకు కబురు తెలిసింది. పాత ఇల్లు మళ్ళీ ఖాళీగా ఉంది. బజారులో ఎవరూ ఇవ్వనంత అద్దె చెప్పాడు. ఆమె సరే అంది.

సరే అని, అద్దెకుండేవాళ్ళు పాటించాల్సినవి ఏమేమిటో అన్నీ కాగితం మీద రాయమంది. వాళ్ళ దేశంలో కాగితం మీద లేనిది నియమం కాదంట.

తాలూకా ఆఫీసు ముందర దస్తావేజులు రాసే రంగాచారి దగ్గర కూర్చుని శెట్టి ఒక్కొక్కటే చెప్పుకుపోయాడు. మాంసం వండకూడదు. గుడ్డు కూడా. దేవుడి గూటి దగ్గరికి చెప్పులతో పోకూడదు. దీపాలు పెట్టాక ఊడ్చకూడదు. ముందరి తీగ మీద బట్టలు ఆరేయకూడదు. నోటికి అలవాటైన వరస అది, తీగ లాగినట్టు వస్తూనే ఉంది. ఆ వరసలోనే, ఇంట్లోకి శవాన్ని తేకూడదు అని కూడా వచ్చేసింది. నోటి మాటగా ఉండాల్సిన పద్ధతిని ముద్రకాగితం మీదికి ఎక్కించిన మొనగాడు మా తాలూకాలో ఇతనొక్కడే. రంగాచారి కలం ఆపి చూశాడు. "రాయి స్వామీ, అన్నీ రాయమనింది గదా," అన్నాడు శెట్టి.

హెల్గా తన తరఫున ఒకే మాట చేర్పించింది. అద్దెకున్నన్నాళ్ళూ తన అనుమతి లేకుండా ఇంటాయన లోపలికి రాకూడదు, తాను ఊళ్ళో లేనప్పుడు తాళంచెవి ఎవరి దగ్గరుంటే వాళ్ళ మాటే తన మాట. శెట్టి నవ్వి సంతకం చేశాడు. దొరసాని ఇంట్లోకి నాకేం పని అనుకున్నాడు.

ఆమె వంటమనిషిని వెతుకుతోందని తెలిసిన పొద్దునే సంజీవమ్మ పోయి అరుగు ముందర నిలబడింది. మూడేండ్ల తరువాత ఆ తలుపు చూడడం. శెట్టికి తెలిసి ఉరుకులు పరుగుల మీద వచ్చాడు.

"ఈమె వద్దమ్మా. విధవ. పొద్దున లేస్తూనే ఎదురొస్తే మంచిది కాదు. వేరే మనిషిని నేను సూపిస్తా," అన్నాడు కన్నడంలో.

హెల్గా లోపలికి పోయి కాగితం తెచ్చి, పై నుంచి కింది దాకా చదివింది. "వంటమనిషి గురించి ఇందులో లేదు," అంది. సంజీవమ్మ ఆ దినం మొదటిసారి ఒక కాగితాన్ని ప్రేమగా చూసింది.

అట్లా ఆమె మళ్ళీ ఆ గడప తొక్కింది. తాను అలికిన గోడకు ఇప్పుడు సున్నం, తాను పొయ్యి పెట్టుకున్న మూలలో గ్యాసు. హెల్గా మంచిదే. తిన్న కంచం తానే కడుక్కునేది, సంజీవమ్మను నేల మీద కూర్చోనిచ్చేది కాదు. సంజీవమ్మకు వెనక గదిలోనే చోటిచ్చింది. ఆమె తెచ్చుకున్న సామానులో ఒక ట్రంకుపెట్టె, రెండు చీరలు, ఒక కమ్మీ విరిగిన గొడుగు.

ఒకసారి హెల్గా ఆ కాగితం ముందర వేసుకుని అడిగింది. "నేను నాలుగు దేశాల్లో అద్దెకున్నాను. కుక్క వద్దన్నారు, గోడకు మేకు కొట్టొద్దన్నారు, రాత్రి పాటలు వద్దన్నారు. శవం వద్దని ఎవరూ అనలేదు. ఇది ఎందుకు?"

సంజీవమ్మ చెప్పింది. తోపుడుబండి గురించి, రెండు తాళాల గురించి, లోపలున్న నీళ్ళ గురించి చెప్పింది. హెల్గా ఆ కాగితాన్ని మడిచి పక్కన పెట్టింది. తరువాత, వేరే ఇల్లు చూసుకుందామా అని అడిగింది.

"వద్దమ్మా," అంది సంజీవమ్మ. "నువ్వు ఈడే ఉండు. ఎన్నేండ్లయితే అన్నేండ్లుండు."

పదకొండు నెలలకొకసారి ఆ కాగితం మళ్ళీ రాసేవాళ్ళు. పాతదాన్ని చూసి రంగాచారి పొల్లు పోకుండా దింపేవాడు. శెట్టి చదవకుండా సంతకం పెట్టేవాడు.

ఈ రెండేండ్లలో సంజీవమ్మకు ఒక చిక్కు వచ్చిపడింది. ఆ చిక్కు పేరు కన్యకమ్మ. సాయంత్రమయ్యేసరికి ముసలామె కట్టె పొడుచుకుంటూ వచ్చి అరుగు మీద కూర్చునేది. మిద్దె మీద కోడలు రమామణి ఉప్పు తక్కువ, కారం తక్కువ పెట్టేదని, ఇక్కడికొచ్చి ఉప్పేసిన మజ్జిగ అడిగి తాగేది. తాగి, తలుపు చెక్కను చేత్తో తడిమేది.

"పద్నాలుగేండ్లకు ఈ గడప తొక్కినానే సంజీవీ. నలుగురిని ఈడనే కన్నా. పైనున్న మిద్దె నాది గాదు, వాడిది. నన్ను ఈ గడపలోనించే ఎత్తాల," అనేది.

"అది నీ కొడుకుతో సెప్పాల్సిన మాటవ్వా," అనేది సంజీవమ్మ. మజ్జిగ మాత్రం ఇంకో చెంబు పోసేది.

తొంభైఒకటి మే నెలలో హెల్గా బెంగళూరు పోయింది. పరదేశంలో ఉండేవాళ్ళు ఏడాదికోసారి పోలీసు కచేరీలో కాగితాలు పొడిగించుకోవాలంట. పది దినాల పని. తాళంచెవిని సంజీవమ్మ చేతిలో పెట్టి, నడుముకు కట్టుకోమని నవ్వి బస్సెక్కింది. సంజీవమ్మ నిజంగానే కట్టుకుంది.

ఆమె పోయిన నాలుగో దినం కన్యకమ్మకు ఊపిరాడక అనంతపురం ఆసుపత్రికి తీసుకుపోయారు. ఆరో దినం పొద్దున అక్కడే పోయింది. కబురు ముందు వచ్చింది, వ్యాను వెనక వస్తోంది. మండీ మూసేశారు. సందులో జనం పోగయ్యారు. సంజీవమ్మ తలుపుకు తాళం వేసి అరుగు మీద కూర్చుని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. ఇది దొంగ ఏడుపు కాదు. ఆ ముసలామె మీద ఆమెకు పిడికెడు కోపం కూడా లేదు.

పదకొండు దాటాక అశ్వత్థనారాయణ వచ్చాడు. మనిషి నలిగిపోయి ఉన్నాడు. పక్కన పురోహితుడు నరహరి శాస్త్రి. శెట్టి గడప ముందర నిలబడి చేతులు కట్టుకున్నాడు. కావాలని కట్టుకున్నది కాదు, దుఃఖంలో అట్లా కుదిరింది. సంజీవమ్మ ఆ చేతులను చూసింది.

"సంజీవమ్మా, తలుపు తియ్యి. అమ్మను ఈడికే తెస్తాండాము. ఆమె కోరిక. నీకూ తెల్సు గదా."

తెలుసు. అందుకే ఆమె చెయ్యి నడుము దగ్గరికి పోయింది. ఐదేండ్లు దీపాలు పెట్టి అడుక్కున్న తాళంచెవి వేళ్ళకు తగిలింది. తీసి ఇచ్చేద్దామనే అనుకుంది, ముసలామెను తలుచుకుని. దేవుడి మీద ఒట్టు, ఇచ్చేదే.

అప్పుడు శాస్త్రి నోరు ఊరుకోలేదు. "త్వరగా కానివ్వండి. అసలే ధనిష్ఠ," అన్నాడు.

సంజీవమ్మ చెయ్యి ఆగింది. ధనిష్ఠ అంటే మా వైపు తెలియనివాళ్ళు లేరు. ఆ నక్షత్రంలో పోయిన మనిషిని ఏ ఇంట్లో పెడితే ఆ ఇంటిని ఆరు నెలలు మూసిపెట్టాలి. దీపం పెట్టకూడదు, పొయ్యి రాజేయకూడదు.

"సావుకారూ, మీ మిద్దె ఉండాది గదా. అవ్వ ఇన్నేండ్లూ ఉన్నిండేది ఆడనే," అంది.

"ఆడ ఎట్లయితాది? కింద మండీ. ఆర్నెల్లు మూస్తే యాపారమేం గావాల? ఈ ఏడు కాయ కొద్దోగొప్పో వచ్చేట్లుండాది."

"ఈడ పెడితే ఈ ఇల్లు మూయాల గదా. దొరసాని యాడికి పోవాల?"

"ఆమెకు నచ్చత్రాలు యాడ తెలుస్తాయి? తెలీనోళ్ళకు దోషం లేదు. నువ్వు సెప్పకుంటే సాలు."

చూశారా మనిషి ఆలోచన. తల్లి కోరిక ముందుపెట్టుకుని వచ్చాడు. ఆ కోరిక వెనక మండీ దాక్కుని ఉంది. తన మిద్దెకు దోషం తగలకూడదు, అద్దెకున్న ఒంటరి ఆడదానికి తగిలినా పరవాలేదు. ఐదేండ్ల కిందట శవాన్ని చూసి ఇల్లు మైల అన్నవాడే, ఇప్పుడు సొంత తల్లి శవం మైలను అద్దెదారు నెత్తిన రుద్దడానికి వచ్చాడు. రంగప్ప మాట ఒక్కటి, తప్పయింది సంజీవమ్మా అని ఒక్క మాట, అతని నోట వస్తుందేమోనని ఆమె ఇంకొంచెం సేపు చూసింది. రాలేదు. గుర్తు కూడా ఉన్నట్టు లేదు.

ఆమె తాళం తీసి లోపలికి పోయింది. శెట్టి ఊపిరి వదిలాడు. రెండు నిమిషాల్లో ఆమె బయటికి వచ్చి, తలుపు లాగి, మళ్ళీ తాళం వేసింది. చేతిలో ముద్రకాగితం ఉంది.

"అయ్యోరూ, నాకు సదువు రాదు. ఐదో మాట సదవండి. గట్టిగా సదవండి, అందరూ ఉండారు."

శాస్త్రి అద్దాలు సవరించుకుని అలవాటుగా చదివేశాడు. "ఈ ఇంట్లోకి శవాన్ని తేకూడదు." చదివాక గాని అతనికి తెలియలేదు ఏమి చదివాడో.

"అది అద్దెకుండేటోళ్ళ గురించి రాసిండేది," అన్నాడు శెట్టి. "ఇది నా సొంతిల్లు."

"ఎవరి శవమని రాయలేదు గదా సావుకారూ. కింద మీ సంతకమే ఉండాది. ఆ ఐదో మాట కిందనే ఇంకో మాట కూడా ఉండాది, ఆయమ్మ లేనప్పుడు తాళంచెవి ఎవరి దగ్గిరుంటే వాళ్ళదే మాటని. అదీ సదవమంటారా?"

శెట్టి ముఖం నల్లబడింది. వెనక్కి తిరిగి, హమాలీల్లో ముందర నిలబడిన దాసన్నను పిలిచాడు. "దాసన్నా, ఆ తాళం పగలగొట్టు. ఏమైతాదో నేను సూసుకుంటా."

దాసన్న తలుపు వైపు చూశాడు, ఎదురు గోడ వైపు చూశాడు. ఆ గోడ పక్కన రంగప్పను దించింది అతని చేతులే. రెండు చేతులూ వెనక్కి పెట్టుకున్నాడు.

"నా చేత కాదు సావుకారూ," అన్నాడు.

"పద్ధతి సావుకారూ," అంది సంజీవమ్మ. గొంతు పెంచలేదు. "మీరు సెప్పిందే. రంగప్పను నాలుగున్నర గంటలు పెట్టినారు గదా, ఆడ. మీకు గుర్తుండదు. నాకుండాది."

అప్పుడు అశ్వత్థనారాయణ ఎదురు గోడను చూశాడు. చూసి, తల దించుకున్నాడు. ఆ తల దిగడం కోసమే ఐదేండ్ల నూనె కాలింది. సంజీవమ్మ కడుపులో ఏదో చల్లబడింది. సంతోషం అనాలంటే నోరు రాదు గాని, సంతోషమే.

వ్యాను వచ్చింది. మిద్దెకు తీసుకుపోవడానికి అప్పటికీ దారి తెరిచే ఉంది. నాలుగడుగులు వేస్తే మండీ, మండీ మీద మిద్దె, మిద్దెకు రంగు వేసిన తలుపు. శెట్టి అటు చూశాడు, శాస్త్రిని చూశాడు. శాస్త్రి అడ్డంగా తలూపాడు. దాంతో కన్యకమ్మను వీధిలోనే దించారు. బెంగళూరు నుంచి పెద్దమనవడు రావాలి. రంగప్ప పడుకున్న గోడ పక్కనే చాప వేశారు, సందులో ఇంకెక్కడా వెడల్పు లేదు. నీడ అప్పటికే తప్పుకుంది. మే నెల ఎండ ముసలామె ముఖం మీద నిలువునా పడింది.

సంజీవమ్మ మళ్ళీ తాళం తీసి లోపలికి పోయి, మళ్ళీ వేసుకుని వచ్చింది. ఈసారి చేతిలో గొడుగు. కమ్మీ విరిగిన వైపు వాలిపోతూనే తెరుచుకుంది. ఆమె కన్యకమ్మ తల దగ్గర కూర్చుని, ముఖం మీద నీడ పడేట్టు పట్టుకుంది.

రెండు గంటలయింది, మూడయింది. చెయ్యి లాగేస్తుంటే ఇంకో చేతికి మార్చుకుంది. కోడలు రమామణి వచ్చి "ఇటియ్యి, నేను పట్టుకుంటా" అంటే ఇవ్వలేదు. శెట్టి కాస్త దూరంలో, తువ్వాలు నెత్తిన వేసుకుని ఎండలోనే కూర్చున్నాడు. అప్పుడప్పుడు ఆ గొడుగును చూసేవాడు. ఎవరిదో అతను ఎప్పుడో గుర్తుపట్టాడు. నడుముకు కట్టుకున్న తాళంచెవి సంజీవమ్మ కూర్చున్నంతసేపూ పొట్టలో గుచ్చుకుంటూనే ఉంది. తియ్యాలంటే ఒక్క క్షణం పని. అవ్వకు అన్యాయం చేస్తున్నానని ఆమెకు తెలుసు. పద్నాలుగేండ్లకు తొక్కిన గడప పదడుగుల దూరంలో ఉంది, ఆ గడపకు తాళం వేసింది తానే. తెలిసే చేసింది. ఎవరన్నా అడిగితే ఇప్పటికీ, తెలిసే చేసినా అంటుంది.

"కోపం చేసుకోవద్దవ్వా," అని ఒకసారి మెల్లగా అంది. "నాకు నువ్విచ్చింది గొడుగు, నీకు గొడుగిచ్చినా. వాడు నాకిచ్చింది తాళం."

నాలుగు గంటలకు మనవడు దిగాడు. వీధిలోనే స్నానం చేయించి, వీధిలో నుంచే ఎత్తారు. అగ్గికుండ పట్టుకుని అశ్వత్థనారాయణ ముందర నడుస్తూ, అరుగు దగ్గరికి వచ్చేసరికి ఒక్క క్షణం ఆగాడు. ఏమన్నా అంటాడేమోనని అందరూ చూశారు. సంజీవమ్మే అంది.

"మొగానికి ఎండ తగలనియ్యలేదు సావుకారూ."

అతను నడిచిపోయాడు.

సందు ఖాళీ అయ్యాక ఆమె గొడుగు మూసి, దారంతో చుట్టి, నాలుగడుగులు నడిచి మండీ దగ్గరికి పోయింది. మిద్దెకు ఎక్కే మెట్ల మొదట్లో, గోడకు ఆనించి పెట్టింది. తరువాత వచ్చి తలస్నానం చేసి, తలుపు తీసి, దీపం వెలిగించింది. హెల్గా తిరిగి వచ్చాక జరిగిందంతా తానే చెప్పింది. తొంభైనాలుగులో దొరసాని తన దేశం పోయేదాకా ఆ ఇంట్లోనే వండిపెట్టింది.

రెండుసార్లు శవానికి పట్టిన గొడుగు. దాన్ని ముట్టుకుంటే మైల, దాటితే దోషం, లోపలికి తేకూడదు, తియ్యడానికి హమాలీ ఒక్కడూ చెయ్యి వేయడు. పన్నెండు దినాలు అది అక్కడే ఉంది. కర్మలు చేసుకుంటున్న అశ్వత్థనారాయణ పొద్దునా సాయంత్రం ఆ మెట్ల దగ్గర పంచె ఎత్తి పట్టుకుని, గోడ పక్క నుంచి ఒదిగి ఒదిగి తన ఇంట్లోకి తాను పోయేవాడు.